మొదటి వాటా

ఐసెలిన్, 1982

ఏమండీ,

ఇది మీకు చేరదని తెలుసు. మీరు ప్రభువు దగ్గరికి వెళ్ళి నిన్నటికి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక మనింట్లోనే పెట్టాను. భోజనాల దగ్గర పాస్టరమ్మగారు తిమింగలాల వేట ఆపాలంటూ ఒక కాగితం తిప్పి అందరిచేతా సంతకాలు పెట్టించారు. ఆవిడ ప్లేట్ నిండా నేను వండిన బీఫ్ కూర.

"అంత తెలివైన జీవిని తినడం పాపం కదమ్మా! నువ్వూ సైన్ చెయ్యి," అన్నారు.

"తెలివి తక్కువదైతే పాపం లేదాండీ?" అన్నాను. ఆవిడ కూర మళ్ళీ వడ్డించుకున్నారు.

తిమింగలాల మీద జాలి నాకూ ఉంది. కానీ అలాస్కాలో తిమింగలాలు వేటాడే ఒక ఊళ్ళో టీచర్‌గా ఉన్నప్పుడు ఆ ఊరివాళ్ళు పెడితే దాని మాంసం తిన్నానని మీరు చెప్పాక, చర్చి ప్రేమవిందుకి మనం వండి తీసుకెళ్ళిన గిన్నె ఎవరూ ముట్టలేదు. వేట దొరికిన రోజు ఆ ఊళ్ళో మొదటి వాటా విధవరాళ్ళ ఇళ్ళకే వెళ్ళిందని కూడా చెప్పారు మీరు. ఆ మాట ఎవరికీ గుర్తులేదు.

ఈ ఏడాదిలో వీళ్ళెవరూ మన గడప తొక్కలేదు. నిన్న వెళ్తూ వెళ్తూ మిగిలిన కూరంతా డబ్బాల్లో సర్దుకున్నారు. సంతకం పెట్టి పంపమని కాగితం మాత్రం నాకు వదిలేశారు.