ఆత్మకూరు డేరాలో నీ సినిమా

ఒరే నరసింహా,

నువ్వు కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. మద్రాసులో డబ్బాల్లోనే పడుండిన నీ సినిమా మొన్న ఆత్మకూరు టూరింగు టాకీసుకి వచ్చిందిరా. డాన్సు పెట్టనని నువ్వు మొండికేస్తే ఒక్క పంపిణీదారుడూ ముట్టని సినిమా! ఉదయగిరి నుంచి మార్తమ్మను బండిలో పిలిపించి, మా ఇంట్లోనే ఉంచుకున్నాను. చేలో కలుపు తీస్తావుంటే పిలిచి కథానాయికను చేసినావే, ఆ మార్తమ్మే.

మొదటి రోజు ఆమెతో పోయి చూస్తే ఏముండాది! కథలో ఆమె బిడ్డను పూడ్చిపెట్టి వచ్చే చోట, టాకీసు ఓనరు ఇంకేదో సినిమాలోని డాన్సు ముక్క అతికించినాడు. నాకు ఒళ్లు మండింది. "బిడ్డ చచ్చిన చోట చిందులేందయ్యా? నీకు మనసుండాదా?" అని డేరా అదిరేట్టు అరిచినాను.

"ఊరుకో సామీ, అది లేకుంటే జనం గుంజలు పీకతారు" అన్నాడు.

జనం మీద నింద! జనానికేం కావాలో ఈ వ్యాపారులే తేల్చేస్తారు. నేను వదల్లేదు. రెండో రోజు ఆ ముక్క కోయించి, నువ్వు తీసింది తీసినట్టు వేయించినాను. సగం మంది మధ్యలోనే లేచిపోయినారు. పోనీ.

ఆట అయినాక మార్తమ్మ కొంగు దులుపుకుంటా, "నాయనా, నిన్నటి డాన్సు యాడబోయింది? ఏడ్చి ఏడ్చి ఉంటే దాంతో కాస్త ఊపిరాడింది" అనింది.

నువ్వుంటే కడుపు పట్టుకుని నవ్వుండేవాడివి. ఆనక మనిద్దరం తెగ కొట్లాడుకుని ఉండేవాళ్లం.

 ఆమెను బండెక్కించి ఇంటికి పంపి, నేను ఊరికే బస్టాండు దాకా నీతోనే వాదిస్తా నడిచినాను. కళ అని, జనం అని ఏమేమో అన్నాను. ఒక్కదానికీ నువ్వు అడ్డం చెప్పలేదురా.