నా పంటి వేరు చీలిక: మొదటి ఫిర్యాదుపై రెండో అర్జీ

దంతవైద్యశాల సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రూట్ కెనాల్ చేసినందువల్లే నా పంటి వేరు చీలినదని గత నెల నేనిచ్చిన ఫిర్యాదును ఉపసంహరించుకొనుట, నా భార్య నమ్మునట్లు ముద్ర వేసిన జవాబు అత్యవసరముగా కోరుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్‌ను. తమ ఆసుపత్రిలో నా కింది దవడ పంటికి రూట్ కెనాల్ జరిగినది. "పంటి మీద క్యాపు తొడుగు వేసేదాకా దీంతో గట్టివేవీ కొరక్కండి" అని డాక్టరమ్మ గారు చెప్పగా నేను తల ఊపితిని. నేను తల ఊపినవాటిలో అమలైనవి బహు తక్కువని నా భార్య వాంగ్మూలము.

2. నొప్పి పోయినందున తొడుగుకు వెళ్లలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. పైగా ఆ పంటితోనే వైర్ల తొక్క ఒలుచుచుంటిని. ఒలిచే పనిముట్టు నా సంచిలో లేకపోలేదు. అయితే నిచ్చెన ఎక్కాక సంచి కిందనుండును, పళ్లు పైనుండును.

3. ఒకనాడు నిచ్చెన మీదనే పన్ను టక్కుమన్నది. వేరు నిలువునా చీలినదని ఎక్స్‌రేలో తేలినందున పీకివేయబడినది. వెంటనే ఫిర్యాదు రాసి, తమ ఆఫీసు ముద్రతో రసీదు పొంది, వీధిలో ఎదురైన ప్రతివారికీ చూపించితిని.

4. ఫిర్యాదు అందాక డాక్టరమ్మ గారు నన్ను పిలిచి ఓపికగానే చెప్పిరి: "పీకిన పళ్లకు రూట్ కెనాల్ చేసి, కోసి చూసిన కొన్ని పరీక్షల్లో సన్నటి పగుళ్లు కనిపించాయండీ. అవి మా పరికరాల వల్ల వచ్చాయా, ముందే ఉన్నాయా, పీకేటప్పుడు, కోసేటప్పుడు వచ్చాయా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. లోపల కొంత తీసేస్తాం కాబట్టి పన్ను బలం తగ్గే మాట నిజమే. అందుకేగా తొడుగు వేయించుకోమన్నది! మీరేమో దాంతో వైర్లు ఒలిచారు." నేను మొదటి వాక్యం మాత్రం విని, "ఒప్పేసుకున్నారుగా!" అని లేచి వచ్చితిని.

5. నా భార్య బస్టాండు విచారణ కౌంటరులో పనిచేయును. బస్సు వేళ మారిందని ఎవరు మొత్తుకున్నా, ముద్ర ఉన్న కాగితం రానిదే బోర్డు మీద అంకె మార్చదు. ఇప్పుడామె పంటికి చీము పట్టినది. రూట్ కెనాల్ చేస్తే పన్ను దక్కుతుందట. రమ్మంటే రాదు.

"వేరు చీలుతుందని వీధంతా చెప్పింది మీరేగా?"

"కోపంలో ఏదో అన్నానే."

"ఆ కోపానికి ముద్ర ఉంది. ఇప్పుడు చెప్పేదానికేదీ?"

పోనీ పీకించుకోమంటే, ఉన్న పన్నెందుకు పోగొట్టుకోవాలంటుంది.

6. అయ్యా, వాపు కంటి దాకా వచ్చింది. ఒళ్లు కాలుతోంది. గోడవైపు తిరిగి పడుకుంటోంది. నాకు భయంగా ఉందండీ. నా నోటిదూల ఆమె నోటి మీదికి వచ్చింది.

కావున, "రూట్ కెనాల్ చేసిన ప్రతి పంటి వేరూ చీలుననుట అబద్ధము. ఈ పన్ను చీలుటకు అర్జీదారుని మొండితనమే ముఖ్య కారణము" అని రాసి, ముద్ర వేసి ఇప్పించ ప్రార్థన. "మూర్ఖుడు" అని చేర్చినను నాకభ్యంతరము లేదు. ముద్ర మాత్రం స్పష్టముగా పడవలెను. అలికినట్లున్న ముద్ర ఆమె వద్ద చెల్లదు.

ఫైలు కదిలేదాకా పంటిపోటు ఆగదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఒక పన్ను తక్కువైన ఎలక్ట్రీషియన్

తా.క.: ముద్ర అక్కర్లేదండీ. తప్పులుంటే దిద్దమని ఈ అర్జీ ఆమెకే ఇచ్చాను. లేచి కూర్చుని చదివింది. నవ్వబోయి చెంప పట్టుకుని ఏడ్చింది. "తప్పు నాదేనని మీరు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం పెళ్లయ్యాక ఇదే మొదటిది. దీనికి ముద్రెందుకు? పదండి" అంది. ఇప్పుడు ఇద్దరం తమ ఆసుపత్రి వరుసలోనే నిలబడి ఉన్నాం. అసలు కాగితం తన సంచిలో పెట్టేసుకుంది, ఎంత అడిగినా ఇవ్వనంటోంది. అందుచేత తమకు నకలు మాత్రమే సమర్పించుకుంటున్నాను.