చలా, తెగులా

డిసెంబర్ 11
కింది ఆకు అంచు పసుపు. నిన్న లేదు... ఉన్నా నేను చూడలేదేమో. ఆటోవాడు హారన్ కొడుతున్నా గేటు దగ్గరే నిలబడిపోయాను. అమ్మ పెంచిన అమృతపాణి అరటిలో మిగిలింది ఈ ఒక్క మొక్కే. పోయినేడు అమ్మ దొడ్లోంచి పిలక తవ్వి, గోనెలో చుట్టి రైల్లో ఈ పరాయి ఊరికి తెచ్చాను. ఆ తర్వాతే అక్కడ తెగులు పడి అన్నీ పోయాయి.

డిసెంబర్ 12
పక్కింటి భాభీ గోడ మీంచి చూసి— "జాడ్ మార్ దిస్, దీదీ." చలి కొట్టిందట. వాళ్ల ఊరి వరిగడ్డి ఇచ్చింది. కాండానికి చుట్టాను, మొదలు చుట్టూ ఊక పోశాను. చలే అయ్యుండాలి. చలే.

డిసెంబర్ 15
రెండో ఆకు. కాడ దగ్గర విరిగి వేలాడుతోంది. అమ్మ దొడ్లో కూడా ఇలాగే మొదలైందని చెల్లి చెప్పింది అప్పట్లో.

డిసెంబర్ 18
ఈయన— "ఈ ఠండీకి మనుషులే వాడిపోతున్నారు, బేచారా అరటిచెట్టెంత! టెన్షన్ పడకే." నవ్వేశాను. నాకు చాలా భయంగా ఉంది.

డిసెంబర్ 20
చెల్లి ఫోన్. ఆకుల సంగతి సగమే చెప్పాను. తెగులు అన్న మాట నోట రాలేదు.
"ఆ చలిలో ఎందుకే చంపేత్తావు దాన్ని? మా ఆయన్ని పంపుతాను. మా తోటలో పెట్టుకుంటాం."
కౌలు తోట. మొత్తం అరటే. చేతిలో ఉన్నదంతా దాంట్లోనే పోశారు. నా మొక్కతో తెగులు వెళ్తే ఆ మట్టిలో దిగిపోతుంది... ఇక ఏళ్ల తరబడి అరటి బతకదు.
కొన్నాళ్లు ఆగమన్నాను. "నువ్వే ఉంచేసుకుందామనా?" అంది.

డిసెంబర్ 25
చర్చిలో అందరి పేర్లూ తలచుకున్నాను. చివర్లో మొక్క. సిగ్గేసింది.

డిసెంబర్ 28
దుంప కోస్తే తెలిసిపోతుంది. లోపల తెల్లగా ఉంటే చలి. ఎర్రటి చారలుంటే తెగులు. కానీ ఈ చలిలో కోత మానదు, కుళ్లిపోతుంది. ఎండలు వచ్చాక కోస్తే బతుకుతుందేమో. వార్డులో రోజూ పేషెంట్ల వాళ్లని కసురుతాను— టెస్టు చేయిస్తేనే కదమ్మా తెలిసేది, అని. ఇక్కడ కత్తి పట్టుకోవడానికి చేయి రావడం లేదు.

జనవరి 2
మొవ్వు లేత పచ్చగా ఉంది. పొద్దున్నంతా సంతోషం. సాయంత్రానికి మూడో ఆకు వాలింది.

జనవరి 3
చెల్లి మొగుడు విజయ్ చెప్పకుండా రైలెక్కేశాడు. రాయగడ దాటానని ఫోన్. దిగిపో, వెనక్కి వెళ్లిపో అనాలి. "జాగ్రత్తగా రా" అన్నాను. ఛీ.

జనవరి 4
వచ్చాడు. టీ కూడా తాగకుండా పెరట్లోకి వెళ్లి గడ్డి విప్పాడు. వెనకే వెళ్లాను, కొంగు చాటున కత్తి. ఇప్పుడు కోసి చూపించాలి. లేదా నోరు తెరిచి చెప్పాలి. అంతే కదా.
వంగి మొవ్వు నిమురుతున్నాడు. "బాగానే ఉంది కదా వదినా! మీ చెల్లి నిన్ననే గొయ్యి తీయించేసిందండి. తోట నడిమధ్యలో."