పన్నెండో మంచం

మేరీ అక్కా,

కువైట్‌లోకి ఇరాక్ సైనికులు వచ్చిన వారంలోనే, సాల్మియాలో రొట్టెల క్యూలో తూటా తగిలి నువ్వు పోయావు. రాత్రి నేను వార్డులో ఉంటే నా బాబును నువ్వే చూసుకునేదానివి. పొద్దున డ్యూటీకొస్తూ, ఆసుపత్రి గేటు దగ్గర పేషెంటును అప్పగించినట్టే అప్పగించేదానివి. "పాలు తాగాడు, జ్వరం లేదు. పోయి పడుకోవే."

నువ్వు పోయాక, పగలైతే బాబును పక్కింటావిడ చూస్తానంది. పగటి డ్యూటీ అడిగితే మేట్రన్, "డ్యూటీ మార్పులు ఖలాస్. పిల్లల సంగతి ఇంట్లో చూసుకో," అంది. ఆ రాత్రి బాబును వార్డుకే తెచ్చి ఖాళీ మంచం మీద పడుకోబెట్టాను. పొద్దున పేషెంట్లందరినీ మేట్రన్‌కు అప్పగించి, చివర్లో చెప్పాను.

"పన్నెండో మంచం, నా కొడుకు. పాలు తాగాడు, జ్వరం లేదు."

ఆవిడ వాడి నుదురు తాకి చూసింది. "మంచం వాడుకో. డ్యూటీ మాత్రం మారదు."

వాణ్ణి ఎత్తుకుని గేటు దాకా వచ్చాను. అలవాటుగా అక్కడ కాసేపు నిలబడ్డాను, అక్కా.