అన్నయ్య బ్రేకు లివరు

చెల్లాయ్, పనిమీద షాపుకి వెళ్తున్నాను. నేను వచ్చి ఇంకోసారి చూసేదాకా నీ ట్రయల్స్ సైకిల్ ఎక్కొద్దు. గోడల మీద గెంతడం అసలే వద్దు.

నువ్వు మూడు రోజులుగా నా ప్రాణం తీస్తుంటే, విరిగిన నీ వెనక బ్రేకు లివరు తీసేసి, చనిపోయిన అన్నయ్య సైకిల్ లివరు వేశాను. చక్రాన్ని నొక్కి పట్టే సిలిండర్లు మాత్రం నీవే. కంపెనీలు వేరైనా రెండూ ఒకే నూనెతో పనిచేస్తాయి. గాలి బుడగ లేకుండా నూనె నింపాను, చుక్క కూడా కారలేదు.

పొద్దున టీ తాగి వచ్చి చూస్తే స్టాండు మీద వెనక చక్రం బిగుసుకుపోయి ఉంది. ఎవరూ ముట్టుకోకుండానే లివరు లోపలికి నొక్కుకుని ఉంది. వేలితో లాగినా రాలేదు. కాసేపటికి తనే వదిలి, చిన్నగా రెండుసార్లు నొక్కుకుంది. దూకే ముందు అన్నయ్య అలాగే నొక్కి చూసుకునేవాడు, నీకూ గుర్తుండే ఉంటుంది.

"ఏంట్రా అన్నయ్యా, ఏం కావాలి నీకు?" అన్నాను. మళ్లీ బిగుసుకుంది. అప్పుడు ఒక్కో జాయింటూ తడిమి చూశాను. సిలిండరు దగ్గర నూనె గొట్టం నట్టు అర చుట్టు వదులుగా ఉంది. నువ్వు గట్టిగా నొక్కి ఉంటే గొట్టం ఊడొచ్చి బ్రేకు పడేది కాదు. నేను నట్టు బిగించాకే చక్రం వదిలింది.

అన్నం మూతపెట్టాను, తిను.

ఇంకో మాట. అన్నయ్య పడి చనిపోయిన రోజు వాడి సైకిల్‌కి ఊడింది కూడా అక్కడి నట్టే. దాన్ని బిగించింది నేనే. ఇన్నేళ్లూ నీకు చెప్పలేకపోయాను.

అక్క