తువ్వాల కింద వీడియో కాల్

నల్లగుట్టపల్లె,
పుంగనూరు దగ్గర.

చిరంజీవి స్వర్ణకు నీ పెదనాయన రంగప్ప ఆశీర్వదించి రాసేది. ఈడ నేనూ, మన పొట్టావు చిట్టెమ్మా ఇద్దరం బాగుండాము. కుప్పంలో నువ్వూ, మా అల్లుడు గిరీషూ బాగుండారని తలుస్తాను.

కండక్టర్ దాసప్ప చేతికిచ్చి నువ్వు పంపిన ఫోను అందింది. అద్దం మాదిరి ఉండాది. దాంట్లో సూసుకోని గడ్డం గూడా గీసుకున్నా. అంతవరకూ బాగుండాది. ఆ తర్వాత నీ నెంబరు నొక్కితే ఎవురో ఆడమనిషి పలికింది. ఈ ప్లానులో కాల్ సౌకర్యం లేదనింది. 'యాల లేదమ్మా?' అని నేనడిగితే అదే మాట మళ్లా ఇంగ్లీషులో చెప్పింది. నాలుగుసార్లు అడిగినా, కోపం గూడా రాలేదు ఆయమ్మకు. మర్యాదగల మనిషే గానీ మన మాట వినదు.

మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తోలుకోని పోయిన మన సిద్దప్పను ఆ సిమ్ము అంగట్లో అడిగి రమ్మన్నా. ఇది డేటా మాత్రమే ఉండే ప్లానంట, మాటలు లేవంట. మాటల్లేని ఫోనేందమ్మా? పాలియ్యని గొడ్డునైనా పేడకని సాకుతాము. దీన్ని దేనికని సాకేది?

నా మోకాలి సంగతి నీకు తెలుసు. కసువు కోసేదానికి వంగలేను, పాలు పిండేదానికి కూసోలేను. మదనపల్లె డాక్టరు ఆపరేషన్ తప్పదంటా ఉండాడు. చిట్టెమ్మను ఒక మంచి ఇంట్లో చేర్చినాకనే నేను ఆస్పత్రి మంచమెక్కేది. అది కూడా, దాన్ని కట్టేసే తావు నా కండ్లతో సూడకుండా ఎవురికీ ఇయ్యను. పోయిన నెల నువ్వు 'నాకే అమ్ము' అంటే కసురుకుంటి, మనసులో పెట్టుకోవద్దు. ఇంటి ఆడబిడ్డకు ఆవునిస్తే ఊరికే ఇయ్యల్ల. అమ్మిన ఇల్లు మన వంశంలో లేదు. ఊరికే తోలుకోని పో అంటే నువ్వేమో 'అయితే నీ మోకాలికి దుడ్డు యాడిది?' అని మొండికేస్తివి. నీదీ మొండే, నాదీ మొండే. అందుకే వేరే మనిషిని సూడు.

ఇట్లు,
ఫోనున్నా ఉత్తరం రాసే పెదనాయన
రంగప్ప

తా.క.: కొత్త సామాను గదా అని ఫోనుకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టినా. టెంకాయ నీళ్లు దాని మీద పడలేదు, భయపడొద్దు.

*

కుప్పం

పూజ్యులైన పెదనాయనకు స్వర్ణ నమస్కారాలు. మేం బాగుండాం. నీ ఉత్తరం చూసి గిరీష్ అన్నం తింటా తింటా నవ్వి పొలమారి, వీపు మీద నాలుగు చరిస్తే గానీ నిమ్మళించలేదు.

ఆ ఫోన్లో మాటలు లేక కాదు పెదనాయనా. మామూలు ఫోన్ మాట ఒక దోవలో పోతాది, నెట్ మాట ఇంకో దోవలో పోతాది. నీకు మొదటి దోవ లేదు, రెండోది ఉండాది. నెంబరు నొక్కొద్దు. పచ్చ బొమ్మ ఒకటి ఉంటాది చూడు, దాన్ని నొక్కి, నా పేరు నొక్కితే నెట్‌లోనే ఫోన్ మోగుతాది. అవతలి మనిషికి కూడా నెట్ ఉండాల, అంతే. ఎవరు పిలిస్తే వాళ్ల బొమ్మా, పేరూ నీకు కనపడతాయి. బొమ్మ చూసి ఎత్తు. తెలీని బొమ్మయితే ఎత్తనే వద్దు, మోసాలు ఎక్కువైనాయి.

పగలంతా నేను గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉంటా. రాయి కోసే మిషన్ మోతలో పక్క మనిషి మాటే వినపడదు. సాయంత్రం నేను పిలిస్తే నువ్వు డేటా అరిగిపోతాదని ఆపేసి పెడతావు. నీకు అలవాటయ్యేదాకా దాసప్ప బస్సే మన నెట్.

ఇంకో మంచి మాట. మా ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ముద్దుకృష్ణ అనే ఆయనకు పుంగనూరు ఆవు కావాలంట. ఇంటి వెనక కొత్త కొట్టం కూడా వేసినాడు. ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. నువ్వు ఆవును చూపించు, ఆయన కొట్టం చూపిస్తాడు. చాలా మంచి మనిషి, ఆవులంటే ప్రాణం.

మీ బిడ్డ,
స్వర్ణ

తా.క.: మొన్న నేను వీడియో కాల్ చేస్తే ఎత్తి చెవికి పెట్టుకుంటివి. మాట రాలేదు గానీ నీ చెవి మాత్రం తేటగా కనపడింది. ఫోన్ మొగానికి ఎదురుగా పెట్టుకోవల్ల. చెవిలో వెంట్రుకలు కూడా కత్తిరించుకో.

*

నల్లగుట్టపల్లె

చిరంజీవి స్వర్ణకు పెదనాయన దీవెనలు. వెంట్రుకలు కత్తిరించుకున్నా.

రెండు దోవల సంగతి సదివినాక నాకు నిద్ర పట్టలేదు. కొన్ని అనుమానాలుండాయి, తీర్చు. మాట గాల్లో పోతాది గదా, మరి నేను కుప్పం దిక్కుకు తిరిగి మాట్లాడల్లనా, యా దిక్కుకు తిరిగినా వస్తాదా? మాట్లాడతా ఉండంగానే డేటా అయిపోతే ఆ మిగిలిన సగం మాట నా దగ్గరే ఉంటాదా, లేకుంటే నడాన పలమనేరులో నిలబడిపోతాదా? రోజూ ఇచ్చే డేటా వాడకుండా మిగిలితే రాత్రికి అది యాడికి పోతాది? మిగిలిన మజ్జిగ పక్కింటి రెడ్డెమ్మకు పోస్తా గదా, డేటా గూడా అట్ల పోయొచ్చునా? పారబోసేదానికి మనసొప్పదు.

ఇంగ నీ ముద్దుకృష్ణ సంగతి. గడ్డివామి పక్కనైతేనే నెట్ బాగా వస్తాదని ఆడ మంచమేసుకోని కూసున్నా. ఫోను మోగింది. నువ్వు చెప్పినట్ల బొమ్మ సూసే ఎత్తినా. మాట మెత్తంగనే ఉండాది. ఆవును సూపించు పెద్దాయనా అన్నాడు. తిప్పే గుర్తు నొక్కి, వెనక కండ్లతో చిట్టెమ్మను సూపిస్తి. 'ఎర్రావు గదా ఇది!' అన్నాడు. చిట్టెమ్మ ఎరుపా? వెన్నముద్ద మాదిరి ఉంటాది బిడ్డ! 'సరిగా సూడప్పా' అంటే 'గడ్డివామి గూడా ఎర్రగుండాదే, మీ ఊర్లో అంతా ఎరుపేనా?' అన్నాడు. పట్టపగలే తాగినాడేమో విచారించు.

సర్లే, మనిషన్నాక తప్పు సూస్తాడు అని ఓర్సుకున్నా. ధరెంత అన్నాడు. చుట్టూ రెడ్డెమ్మ, సిద్దప్ప, ఈదిలో పిలకాయలంతా మూగినారు. నలుగుర్లో నోటితో ధర చెప్పే అలవాటు నాకు లేదు. సంతలో తువ్వాల కప్పుకోని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకోని గదా బేరమాడేది! ఆయన వేళ్లు అందవు గాబట్టి, తువ్వాల తీసి ఫోను మీదా నా చెయ్యి మీదా కలిపి కప్పి, దాని కింద నా చెయ్యి సూపిస్తి. ఆయప్ప 'హలో! హలో! పెద్దాయనా!' అని గావుకేకలు పెట్టి కాల్ ఆపేసినాడు. బేరం నడాన లేచిపోయేవాడు మనిషేనా?

ఇట్లు,
అవమానపడిన
రంగప్ప

తా.క.: ఫోనుకు వెనకపక్క మూడు కండ్లుండాయి, సాక్షాత్తూ శివుడే! మూడింటికీ నిండుగా కుంకుమ బొట్లు పెట్టినా. రోజూ పొద్దున్నే స్నానం జేసి మళ్లా పెడతాండా.

*

కుప్పం

పెదనాయనా,

నమస్కారం తర్వాత పెడతా, ముందు ఆ కుంకుమ తుడువు! అవి శివుని కండ్లు గాదు, ఫోటో తీసే కెమెరాలు. వాటికి బొట్టు పెడితే అవతలోళ్లకు లోకమంతా ఎర్రగా కనపడతాది. ముద్దుకృష్ణ తాగలేదు. పాపం, తన కండ్లకే ఏమో అయిందని డాక్టరు దగ్గరికి పోయి చూపించుకోని వచ్చినాడు.

తువ్వాల కప్పితే ఫోన్‌కు చీకటే. ఆయనకు నీ చెయ్యి కనపడలా. ఉన్నట్టుండి నల్లగా అయిపోయి, మాట నిలిచిపోతే నువ్వు మంచం మీద నుంచి పడిపోయినావని బెదిరిపోయి నాకు చెప్పినాడు. ఆ పూట నా గుండె నా దగ్గర లేదు. ఈసారి ధర నోటితోనే చెప్పు.

నీ అనుమానాలకు జవాబు. యా దిక్కుకు తిరిగినా మాట వస్తాది. సగం మాట పలమనేరులో నిలవదు, కలవకుండా పోతాది, అంతే. మిగిలిన డేటా రెడ్డెమ్మకు పోయొచ్చు. దాన్ని హాట్‌స్పాట్ అంటారు. సిద్దప్పకు తెలిసే ఉంటాది, పెట్టిమ్మను.

బుధవారం ఆయన మళ్లా పిలుస్తాడు. దేవుడా అని ఈసారైనా కుదరనీ పెదనాయనా. నీ ఆపరేషన్ ఆలస్యమయ్యే కొద్దీ నాకు భయమైతాంది.

మీ బిడ్డ,
స్వర్ణ

తా.క.: తువ్వాల కింద ఎన్ని వేళ్లు చూపించినావు? నాకు మాత్రం చెప్పు, నేను ఆయనకు చెప్తా.

*

నల్లగుట్టపల్లె

చిరంజీవి స్వర్ణకు ఆశీస్సులు.

తువ్వాల కింది మాట తువ్వాల కిందే. కన్నబిడ్డకైనా చెప్పను.

కుంకుమ తుడిచినా. హాట్‌స్పాట్ గూడా పెట్టించినా. అబ్బబ్బ, ఎంత పుణ్యమైన వస్తువమ్మా అది! రెడ్డెమ్మకు పోస్తి, సిద్దప్పకు పోస్తి, ఈదిలో అడిగినోళ్లకు లేదనకుండా పోస్తి. బుధవారం నాటికి నా గడ్డివామి చుట్టూ తిరణాల. రెడ్డెమ్మ ఒకపక్క సీరియల్, సిద్దప్ప ఒకపక్క టమోటా ధరలు, పిలకాయలు ఒకపక్క ఆటలు. అందరూ తలొంచుకోని తపస్సులో ఉండారు.

ఆ నడాన నీ ముద్దుకృష్ణ పిలిచినాడు. ఈసారి ఆవు తెల్లగుందన్నాడు, సంతోషం. నోరు సూపించమన్నాడు. పర్లేదే, పండ్లు సూసి వయసు కట్టే మనిషే అనుకుంటి. నోరు తెరిచి సూపిస్తే ఏమన్నాడో తెలుసునా? 'అయ్యో, ముందర పైపండ్లన్నీ ఊడిపోయినాయే, ముసిల్దా?' అన్నాడు. ఓ సామీ! యా ఆవుకుండాయి ముందర పైపండ్లు? ఆవులంటే ప్రాణమంటివే, ఒక్క ఆవు నోరన్నా సూసినాడా ఆయన ఈ జన్మలో?

కోపాన్ని దిగమింగుకోని కొట్టం సూపించమన్నా. సూపించినాడు. బాగుండాది. గాలి, వెలుతురు, మేత తొట్టి అన్నీ కుదిరినాయి. ఉండే ఇల్లు అది గూడా సూసుకోవల్ల గదా అని ఫోను చిట్టెమ్మ మొగానికి ఎదురుగా పెట్టినా. అది అంబా అని ఒకసారి ఫోనును నాకింది. 'నీళ్ల తొట్టి సూపించప్పా' అన్నా. ఆయన అట్ల తిరిగినాడో లేదో డేటా అయిపోయింది. ఈదంతా కలిసి తాగేసినారు. నీళ్ల తొట్టి సూడలేదు, సూడనిదే నేనియ్యను.

అయినా కొట్టం బాగుంటే చాలునా? పైపండ్లు వెతికేవాడికి చిట్టెమ్మ బాధ ఏం తెలుస్తాది? ఈ సంబంధం వద్దమ్మా.

ఇట్లు,
రంగప్ప

తా.క.: మదనపల్లెలో ఒకాయప్ప కల్యాణమండపం కట్టించినాడంట. వాకిట్లో పొట్టావును కట్టేసి పూలదండ వేస్తే, పెండ్లికొచ్చినోళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారంట. శుక్రవారం వచ్చి తోలుకపోతానన్నాడు. సరే అందామనుకుంటాండా.

*

కుప్పం

పెదనాయనా, నీ కాళ్లు మొక్కుతా, మండపానికి మాత్రం ఇవ్వొద్దు!

దినమంతా మేళతాళాల మోతలో, లైట్ల వేడిలో చిట్టెమ్మ ఎట్ల ఉంటాది? నేను చిన్నప్పుడు దాని అమ్మ పొదుగు కిందే కదా పాలు తాగింది? ఉత్తరం చదివి ఆఫీసులోనే ఏడ్చినా, అడిగినోళ్లకు కంట్లో ధూళి పడిందని చెప్పినా.

ముద్దుకృష్ణ కూడా చాలా బాధపడతాండాడు. చిన్నప్పట్నుంచీ రాళ్ల మధ్యే పెరిగినాడు పాపం, పండ్ల సంగతి తెలీదు. ఇప్పుడు నేర్చుకుంటాండాడు. చిట్టెమ్మ బొమ్మే ఫోన్ మీద పెట్టుకున్నాడు. రాత్రి అన్నం కూడా తినలేదంట. మండపమాయన ఎంతంటే దానికి పైనే ఇస్తానంటాడు. నీళ్ల తొట్టి ఉండాది పెదనాయనా, పెద్ద రాతితొట్టి, మా ఫ్యాక్టరీ రాయే. ఒక్క మాట, ఒక్క అవకాశం ఇవ్వు.

భయంతో,
స్వర్ణ

తా.క.: ఈ ఉత్తరం నీ చేతికిచ్చేదాకా బస్సు కదిలించొద్దని దాసప్పకు చెప్పినా. బస్సులో జనం తిడితే పడు.

*

నల్లగుట్టపల్లె

అమ్మా స్వర్ణా,

జనం బాగానే తిట్టినారు. పడినా.

ఏడ్సవాకు. మండపమూ లేదు, మండపమాయనా లేడు. నువ్వొక ముద్దుకృష్ణను పుట్టిస్తివి, నేనొక మండపాన్ని కట్టిస్తి. చెల్లుకు చెల్లు.

ముద్దుకృష్ణ పిలిచిన రెండుసార్లూ ఫోన్లో వచ్చింది నీ బొమ్మే తల్లీ. బొమ్మ కింద 'స్వర్ణ' అని నీ పేరు. బొమ్మ సూసి ఎత్తమని చెప్పింది నువ్వే గదా, సూసే ఎత్తినా. మొదట, ఆయనకు నెట్ లేక నీ ఫోను అడుక్కున్నాడేమో అనుకుంటి. ఆవు ఎర్రగుందని ఆయన అంటా ఉంటే వెనక నుంచి 'ధర అడుగన్నా, ధర అడుగు' అని గుసగుస వినపడింది. నిన్ను భుజానేసుకోని పెంచినోణ్ణి నేను. నీ గుసగుస నాకు తెలీదా? నాకు దుడ్డు ఇచ్చేదానికి ఆ రాళ్లాయనను ముందర పెట్టుకుంటివి. నీ గుట్టు నోటితో అడగలేక, ఉత్తరమ్ముక్కలతో లాగుదామని సూస్తి. నువ్వు నాకంటే మొండి, చివరిదాకా బయటపడలేదు.

తువ్వాల కింది మాట తువ్వాల కిందే అంటి. బేరం ముగిసింది గాబట్టి ఇప్పుడు చెప్తాండా. ఆ పొద్దు నేను సూపించింది మూసిన పిడికిలి. ఒక్క వేలు గూడా లేదు. ధర లేదని. సూడలేకపోయింది మీ కర్మ.

శుక్రవారం సిద్దప్ప టమోటా బండిలో చిట్టెమ్మను ఎక్కించుకోని నేనే వస్తాండా. మీ ఇంటి వెనక నువ్వు వేయించిన ఆ కొట్టంలో నీళ్ల తొట్టి కండ్లతో సూసి, చిట్టెమ్మను నీ చేత్తో కట్టించి, పలుపు నీకిస్తా. నువ్వు ఆవుకని దాసిపెట్టిన దుడ్డు నా మోకాలికి పెట్టు. అది ధర గాదు. పెదనాయనకు కూతురు జేసేది, దానికి నేను అడ్డం చెప్పను. ఆస్పత్రికి ఒక్కణ్ణే పోవాలంటే భయంగానే ఉండాది, నువ్వు పక్కనుండల్ల.

ఇట్లు,
మీ ఇంటికొచ్చే
రంగప్ప

తా.క.: నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం చిట్టెమ్మకు వీడియో కాల్ పెట్టియ్యి. డేటా ఎవురికీ పోయను. ఫోను దాని మొగానికి ఎదురుగా పెట్టు, చెవికి పెట్టవాకు. దాని చెవిలో వెంట్రుకలు నాకంటే ఎక్కువ.