ఒకటిన్నర శ్రుతి

రుమైథియా, కువైట్

ప్రియమైన చిట్టి తల్లికి,

అమ్మ దీవెనలు. నేను బాగున్నాను. మూడు నెలలుగా నువ్వు మెసేజీలే తప్ప ఫోన్ ఎత్తవు. మొన్న మా యజమానురాలి ఫోన్ నుంచి (ఇక్కడ ఆమెను 'మామా' అని పిలుస్తాం) చేస్తే ఎవరో అబ్బాయి ఎత్తి "ఎవరండీ?" అన్నాడు. భయమేసి పెట్టేశాను. పెళ్ళి చేసుకున్నావా? చేసుకుంటే చెప్పు, కాసేపు తిట్టి ఊరుకుంటాను. పాట మాత్రం మానకు. ఇక్కడ పనిచేసే రెడ్డెమ్మ సెలవు మీద ఊరికి వస్తోంది. జవాబు ఆమెకే ఇచ్చి పంపు.

నీ అమ్మ
పుష్పలత

తిరుపతి

ప్రియమైన అమ్మకు,

ఫోన్ ఎత్తింది నేనే. నేను ఆడపిల్లను కానని చిన్నప్పుడే తెలుసు, నీతో చెప్పే ధైర్యం లేకపోయింది. డాక్టరు దగ్గర మగ హార్మోన్ల సూదులు మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఐదు శ్రుతిలో పాడే గొంతు మగవాళ్ళు పాడే ఒకటిన్నరకు దిగింది.

నా పరిశోధన కూడా దాని మీదే. మన సంగీతంలోని శృంగార పదాల్లో నాయిక విరహాన్ని మగవాళ్ళు తరతరాలుగా పాడుతున్నారు, ఎవరూ వింతపడలేదు. ఒకే పదాన్ని సూదులకు ముందు ఒకసారి, ఇప్పుడొకసారి పాడి రికార్డు చేశాను. మా గైడ్ మేడమ్ అదే అసలు అధ్యాయమంటున్నారు.

నాకు పాట నేర్పింది నువ్వు. ఈ గొంతు నీకు వద్దనిపిస్తే డిగ్రీ వచ్చినా నాకు సంతోషం లేదు. రికార్డు నీ ఫోనుకు పంపాను, విను.

నీ
చిట్టి

రుమైథియా

ప్రియమైన చిట్టికి,

కోపం వచ్చింది. ఎవరి తోడూ లేకుండా అన్ని సూదులు వేయించుకున్నావని ఏడుపూ వచ్చింది. రికార్డు వినడానికి పదిరోజులు భయపడ్డాను. చివరికి కూర తరుగుతూ పెట్టాను. కొత్త గొంతు పైస్థాయిలో తడబడుతోంది, సాధన చాలదు. కానీ నాయిక అలక మాత్రం ఈ గొంతులోనే నిజంగా వినిపించింది. ఎందుకో మీ మేడమ్‌ని అడుగు.

అంతలో మామా వచ్చి, పాడేది ఎవరని అడిగింది. "వలదీ" అన్నాను. అరబ్బీలో 'నా కొడుకు' అని. మన భాష కాదు కాబట్టి తేలిగ్గా నోటికొచ్చింది. మామా నిలబడి చివరిదాకా విన్నది.

అదే మాట తెలుగులో అనడానికి ఇంకో వారం పట్టింది. నిన్న సెలవని ఇక్కడి ఫింటాస్‌లో భోజనాలకు చేరిన మనవాళ్ళందరి ముందు మద్దమ్మ, "నీ కూతురు ఎట్లుండాది పుష్పా?" అని అడిగింది.

"కూతురు కాదు మద్దక్కా, నా కొడుకు. సంగీతంలో పెద్ద సదువు సదువుతా ఉండాడు" అన్నాను.

చెప్పేశాక కడుపు నిండా అన్నం తిన్నాను.

నీ అమ్మ
పుష్పలత